కుడి మూల పక్షి

శనివారం మధ్యాహ్నం, కెమెరాలు బాగుచేసే కొట్టు. కౌంటరుకి ఇవతల పేరున్న కళ్ళ డాక్టరు. అవతల, తండ్రి పనిముట్లతో పాటు తండ్రి నోరు కూడా వారసత్వంగా అందుకున్న మెకానిక్కమ్మ. మాటలు అప్పటికే సగంలో ఉన్నాయి.

“సగమే తుడవమంటే ఎలా డాక్టరు గారూ?”

“సగం అన్లేదమ్మా. ఆ ఒక్క మూలా వదిలేసి మిగతాదంతా శుభ్రంగా తుడిచెయ్యి అన్నాను.”

“ఏ మూల?”

“కింద, కుడివైపు. ముందునించి చూస్తే.”

“కెమెరాలో బొమ్మ పడే ఆ సెన్సరు ఎంతుంటుందో తెలుసా? తపాలా బిళ్ళంత. దాన్లో మళ్ళీ ఓ మూల వదిలేసి తుడవడమేంటి? గది ఊడుస్తూ ఆ మూల చెత్త మాత్రం కదపకు అన్నట్టుంది.”

“కదపకంటే కదపకూడదు. కస్టమర్ని నేను.”

“కస్టమరైతే? మీ దగ్గరికి ఎవరైనా వచ్చి, డాక్టరు గారూ, నా కంట్లో పొర ముప్పాతిక తియ్యండి, పాతిక ఉంచండి అంటే ఉంచుతారా?”

“అది వేరు.”

“ఏం వేరు?”

“వేరంటే వేరు. నా బుర్ర తినకుండా చెప్పిన పని చెయ్ తల్లీ. మూడింటికి క్లినిక్ తియ్యాలి. మీ నాన్న ఉంటే ఇన్ని ప్రశ్నలు వేసేవాడా?”

“మా నాన్న ఉంటే మీ కెమెరా చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఇదిగో, లెన్సు విప్పుతుంటేనే కరకరమంటోంది. కెమెరా తెచ్చారా, ఇసుకదిబ్బ తెచ్చారా?”

“గాలమ్మా. సముద్రంలోకి రాళ్ళ గోడ కట్టారు చూడు, దాని చివరిదాకా వెళ్ళాను. అక్కడ గాలి మనిషినే లాక్కుపోతుంది.”

“అక్కడ నిలబడి లెన్సు మార్చారా?”

“మార్చలేదు.”

“డాక్టరు గారూ.”

“ఒక్కసారి.”

“డాక్టరు గారూ!”

“మూడుసార్లు! అయితే ఏంటిప్పుడు? వెడల్పు లెన్సు పెట్టి అలలు తీస్తున్నానా, దూరంగా పడవలు వరసగా వచ్చాయి. దూరపు లెన్సు పెట్టానా, ఈలోగా మబ్బు విడిపోయి నీళ్ళ మీద వెలుగంతా పరుచుకుంది. మళ్ళీ వెడల్పుది పెట్టకుండా చేతులు ముడుచుకుని చూస్తూ కూర్చోనా? ఉత్తినే మార్చలేదులే. నెత్తిమీద తువ్వాలు కప్పుకుని, దాని కింద మార్చాను.”

“తువ్వాలా!”

“ఇసుక పడకుండా.”

“ఇసుక పడకుండా తువ్వాలు కప్పారు. బాగుంది. తువ్వాలు నూలు పడకుండా ఏం కప్పారు? అసలు ఎన్ని లెన్సులు మోసుకెళ్తారు?”

“నాలుగు.”

“నాలుగెందుకు?”

“మా ఆవిడా ఇదే అడుగుతుంది. నిజం చెప్పనా? ఇదివరకు ఒక్కటే ఉండేది. ఒక్కటే ఉన్నప్పుడు కాళ్ళు పనిచేసేవి. దగ్గరికి నడిచేవాణ్ణి, వంగేవాణ్ణి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగేవాణ్ణి. ఇప్పుడు సంచి ముందు గొంతుక్కూర్చుని ఇది పెట్టనా అది పెట్టనా అనుకునేలోపు సూర్యుడు నెత్తిమీదికొస్తున్నాడు. నడుం నొప్పి ఒకటి అదనం. ఆ మూడుకాళ్ళ ట్రైపాడ్ ఒకటి, రాళ్ళ సందులో దిగబడితే దాన్ని పీకడానికి ఇద్దరు మనుషులు కావాలి.”

“మరి మూడు అమ్మెయ్యచ్చుగా?”

“అమ్మో! ఎలా?”

“సరే సరే, గుండె పట్టుకోకండి. భూతద్దం ఇటివ్వండి... ఆ. లైటు. ఆఁ, కనిపిస్తోంది. మధ్యలో ఒక నలక. ఎడంపక్క ఇంకోటి. ఇక మీ మూల... ఓహో!”

“ఏంటి ఓహో?”

“నూలుపోగు. గడ్డంలో వెంట్రుక ముక్కంత. మధ్యలో మడత పడి రెండు చివర్లూ కిందికి వంగాయి. ఫొటోలో తలకిందులవుతుంది కదా, అంటే పైన కుడి మూల, రెండు చివర్లూ పైకి లేచి... భలే ఉందండీ. అచ్చం...”

“ఏమీ అనకు.”

“అచ్చం పక్షిలా ఉంది.”

“ఆ తలుపు దగ్గరికి వెయ్యి.”

“ఎందుకు?”

“వెయ్యమంటున్నానా!”

“వేశాను. ఇప్పుడు చెప్పండి. ఆగండాగండి... మొన్న ఫొటో క్లబ్బు వాళ్ళు హాల్లో పెట్టారే, మొదటి బహుమతి, ఇంత పెద్ద సముద్రం, ఎవరూ లేరు, పైన కుడి మూల ఒక్కటే పక్షి... ‘తోడు లేని రెక్కలు’!”

“అరవకు!”

“అది మీదేగా?”

“నాదే.”

“ఆ పక్షి...”

“అదే.”

“ఈ నూలుపోగా?”

“అరవకన్నానా! బహుమతి ఇచ్చిన రోజున అది పక్షే తల్లీ. ఒట్టు. నేనూ పక్షనే అనుకున్నాను. తీసినప్పుడు చూడలేదు, ఇంటికెళ్ళి కంప్యూటర్లో చూస్తే ఉంది. ఎప్పుడొచ్చిందో అనుకుని మురిసిపోయాను. బహుమతి వచ్చిన మూడోరోజు ఫ్లాషు వేసి తీసిన మా చెల్లెలి కూతురు పుట్టినరోజు ఫొటోలు తిరగేస్తుంటే, గోడ గడియారం పక్కన ఎగురుతోంది.”

“అయ్యో!”

“తర్వాత ఫొటోలో కేకు ముక్క నోట్లో పెట్టుకున్న మా చెల్లెలి నెత్తిమీద ఎగురుతోంది. ఆ తర్వాతది కిటికీ మీద. వరసగా నలభై ఫొటోలు. అదే మూల, అవే రెక్కలు. తల పట్టుకున్నాను.”

“డాక్టరు గారూ, ఒక మాట అడగనా? కోప్పడకూడదు.”

“అడుగు.”

“కళ్ళ ముందు దోమ ఎగురుతోంది డాక్టరు గారూ, చేత్తో కొడితే పోవట్లేదు అని మీ దగ్గరికి రోజుకి ఎంతమంది వస్తారు?”

“...పది మంది.”

“మీరేమంటారు?”

“అది దోమ కాదు, మీ కంట్లోనే ఉన్న నలక నీడ అంటాను.”

“అమ్మా! ఎంత ధీమాగా అంటారో!”

“వెక్కిరించకు. ఆ రాత్రి నన్ను నేనే చాలా వెక్కిరించుకున్నాను.”

“మరి తెలిసిన రోజే చెప్పెయ్యచ్చుగా?”

“చెప్దామనే క్లబ్బుకి వెళ్ళాను. వెళ్ళేసరికి అందరూ లేచి నిలబడి చప్పట్లు. మైకు చేతిలో పెట్టారు. పన్నెండేళ్ళుగా ఆ క్లబ్బులో కుర్చీలు సర్దడానికి తప్ప నన్నెవరూ ముందుకి పిలవలేదమ్మా. మైకు పట్టుకోగానే నోరు జారింది.”

“ఏమన్నారు?”

“ఆ పక్షి కోసం రెండు గంటలు రాయి మీద కదలకుండా కూర్చున్నానని.”

“అమ్మో!”

“ఊపిరి కూడా బిగబట్టానని.”

“రెండు గంటలా?”

“అలా అన్లేదులే. మధ్యమధ్యలో.”

“జనం నమ్మారా?”

“నమ్మడమా? ముందు వరసలో పక్షుల పంతులున్నాడు.”

“ఆయనెవరు?”

“కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. పక్షుల మీద రెండు పుస్తకాలు రాశాడు. రెక్క వంపు చూస్తే ఈ తీరంలో ఇంతవరకూ ఎవరూ చూడని జాతిలా ఉందన్నాడు. దూరం దూరం నుంచి వలస వచ్చి ఉంటుందన్నాడు.”

“తువ్వాల్లోంచి వలస వచ్చింది.”

“నవ్వు, నవ్వు. ఎండ బాగా ఉన్న రోజు ఫొటోల్లోనే కనిపిస్తోంది, మబ్బు రోజు కనిపించట్లేదు అని కూడా కనిపెట్టాడు. ఎండంటే ఇష్టపడే జాతి అని రాసుకున్నాడు.”

“ఎండ రోజు లెన్సు కన్నం చిన్నది చేస్తారు. కన్నం చిన్నదైతే నలక నీడ గట్టిగా పడుతుంది. మబ్బు రోజు కన్నం పెద్దది చేస్తే చెదిరిపోతుంది. అంతేగా!”

“నాకు తెలీదా? నేనెళ్ళి ఆయనకి చెప్పనా? పైగా ఇప్పుడు దాన్ని చూసినవాళ్ళు కూడా ఉన్నారు.”

“దేన్ని?”

“పక్షిని.”

“ఈ పక్షిని?”

“ఈ పక్షినే. వల సర్దుకునే ముసలాయన ఒకడున్నాడు, నన్ను చూసినప్పుడల్లా ఏం పడింది డాక్టరు గారూ మీ వల్లో అంటాడు. మొదట, నలభై ఏళ్ళుగా ఈ నీళ్ళ మీదే ఉన్నాను, అలాంటిది చూళ్ళేదన్నాడు. పేపర్లో ఫొటో పడ్డాక, ఆఁ ఆఁ, వస్తూనే ఉంటుంది, మనమే పట్టించుకోలేదు అంటున్నాడు. మా క్లబ్బు సెక్రటరీ అయితే కూత కూడా విన్నాడు.”

“దుమ్ము కూసిందా!”

“రెండుసార్లు కూసిందట.”

“ఆగండి, నవ్వితే నా చెయ్యి వణుకుతుంది, అసలే తుడిచే పుల్ల లోపలుంది... ఆఁ. మరి ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడెందుకొచ్చారు తుడిపించుకోడానికి?”

“మధ్యలో ఒక నలక, ఎడంపక్క ఒకటి అన్నావే. అవి కొత్తవి. పోయిన వారం ఫొటోల్లో కూడా పడ్డాయి. పంతులు చూశాడు.”

“ఏమన్నాడు?”

“జత కట్టింది, పిల్లల్ని పెట్టింది అన్నాడు.”

“దేవుడా!”

“గూడు కూడా దగ్గర్లోనే ఉంటుంది, వెతుకుదాం అని రేపు పొద్దున క్లబ్బు మొత్తాన్ని బయల్దేరదీశాడు. పద్నాలుగు మంది. దుర్భిణీలు, గొడుగులు, పెద్ద పెద్ద లెన్సులు. ఒకడైతే ఆకుల రంగు చొక్కా కూడా కుట్టించుకున్నాడు, పక్షికి కనపడకుండా.”

“వస్తారు, చూస్తారు, కనపడదు, పోతారు. పక్షి రాకపోతే మీదా తప్పు?”

“అదే కదా నా ప్లాను. అది మామూలు కంటికి అందదు, అంత వేగం, కెమెరాకే దొరుకుతుంది అంటాను. ఓ ఫొటో తీసి కెమెరా వెనకాల తెరమీద చూపిస్తాను. అందుకే ఆ మూల తుడవొద్దన్నది. పిల్లల్ని మాత్రం తీసెయ్యి. పిల్లలుంటే గూడు వెతుకుతారు.”

“పిల్లల్ని తీసెయ్యి, తల్లిని ఉంచు. ఇంత దారుణమైన మాట కళ్ళ డాక్టరు నోట వినాల్సొచ్చింది.”

“నీ వేళాకోళం తర్వాత. చేస్తావా చెయ్యవా?”

“చేస్తా. కానీ ఒకటి చెప్పండి. ఇన్ని తంటాలు దేనికి? నలుగురికీ నిజం చెప్పెయ్యండి. ఓ వారం నవ్వుతారు. పంతులుగారు రెండు వారాలు మాట్లాడరు. తర్వాత ఎవరి గొడవ వాళ్ళది.”

“నలుగురి సంగతి కాదమ్మా.”

“మరి?”

“ఏం లేదులే. పని చూడు.”

“చెప్పండి.”

“మా ఆవిడ.”

“ఆవిడకేం?”

“పదకొండేళ్ళు నేనొక్కణ్ణే వెళ్ళాను సముద్రానికి. ఆదివారం తెల్లారగట్ల లేస్తే, అదేం పిచ్చి, ఆ నీళ్ళు నిన్నా అవే, రేపూ అవే, ఎన్నిసార్లు తీస్తావు అనేది. నిజమే, ఆవిడ వైపు నుంచి చూస్తే నిజమే. నేను తిరిగొచ్చేసరికి టిఫిను మూతపెట్టి టీవీ ముందుండేది. ఈ ఫొటోకి బహుమతి వచ్చాక హాల్లో మేకు కొట్టి తగిలించింది. మా ఇంట్లో గోడకెక్కిన మొదటి ఫొటో అది. మరుసటి ఆదివారం నేను బూట్లు వేసుకుంటుంటే ఫ్లాస్కు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఏంటన్నాను. నీ పక్షిని నాకూ చూపించు అంది. అప్పట్నుంచీ ఏడు ఆదివారాలు. రెండు మడత కుర్చీలు. నాకు ఎడంపక్క ట్రైపాడ్, కుడిపక్క ఆవిడ. ఇద్దరం అలా నీళ్ళవైపు చూస్తూ కూర్చుంటాం. ఎన్నో మాటలు చెప్తుంది. క్లినిక్కూ ఇల్లూ తిరుగుతూ ఇరవై ఏళ్ళలో నేను వినని మాటలు. ఇప్పుడది దుమ్మని చెప్తే? ఆ కుర్చీ మళ్ళీ అటకెక్కుతుంది. నాకు ఆ భయం ఒక్కటేనమ్మా. బహుమతి వాళ్ళు వెనక్కి తీసుకున్నా ఫర్వాలేదు.”

“ఆవిడకి అనుమానం రాలేదా? ఏడు వారాలుగా కనపడకపోతే?”

“అదే ఇంకో గొడవ. పోయిన ఆదివారం కనపడిందంది.”

“ఏంటీ?”

“చటుక్కున నా చెయ్యి పట్టుకుని, అదిగో అదిగో అంది. చూస్తే ఏమీ లేదు. ఖాళీ ఆకాశం. చూశావా అంది. చూశానన్నాను.”

“చూశానన్నారా!”

“ఏమనాలి మరి? పెళ్ళైనప్పట్నుంచీ ఒక్క అబద్ధం ఆడి ఎరగదు ఆవిడ. గుండెల్లో రాయి పడింది నాకు. కంట్లో ఏదో తేలుతోందేమోనని సోమవారం క్లినిక్కి తీసుకెళ్ళి మందు వేసి చూశాను. బుధవారం మళ్ళీ చూశాను.”

“ఏమైనా ఉందా?”

“ఏమీ లేదు. నా కళ్ళకంటే బాగున్నాయి. అదే అర్థం కావట్లేదు.”

“కళ్ళు మంచివైతే అన్నీ కనిపిస్తాయి లెండి.”

“ఏంటలా నవ్వుతావు?”

“నేనా? తుమ్మొస్తోంది. అదిగో, మీ ఫోను.”

“ఆవిడే. నువ్వు మాట్లాడకు. హలో! ఆఁ... ఎక్కడుంటాను, క్లినిక్కులో... తాళమేసుందా? ఎవరు చెప్పారు?... నువ్వు అటుగా వెళ్ళావా... అంటే, లోపల్నించి వేసుకున్నాను. కాసేపు నడుం వాల్చుదామని.”

“ఠక్కున దొరికిపోయారు.”

“ష్! ... ఎవరా? పేషెంటు... అవును, తాళమేసిన క్లినిక్కులోనే. ఎమర్జెన్సీ... కంట్లో నూలుపోగు పడిందట... ఆఁ, తీసేస్తాను. ఎందుకలా నవ్వుతున్నావు?... సరేగానీ, సముద్రానికి తీసుకెళ్ళే ఆకుపచ్చ తువ్వాలు సంచిలో లేదేంటి?... అంచు కత్తిరించావా? ఎందుకు?... దేనికో కావలసొచ్చిందా. సరేలే... రేపా? ఆఁ, పద్నాలుగు మంది... ఏమో, రావచ్చు, రాకపోవచ్చు, పక్షి కదా... ఏంటీ? మళ్ళీ చెప్పు... కనపడకపోయినా ఫర్వాలేదా?... నువ్వు పక్కనుంటావా... ఊఁ... ఊఁ. సరే. ఉంటా.”

“ఏమన్నారు ఆవిడ? టీ తెప్పించనా?”

“ఎంతమంది వచ్చినా భయపడకు, పక్షి కనపడినా కనపడకపోయినా నీ పక్కన నేనుంటాను అంది.”

“మంచిదేగా.”

“మంచిదే. ఇంత మంచిదాన్ని పట్టుకుని ఏడు వారాలుగా చెవిలో పూలు పెడుతున్నాను. ఛీ! ... తుడిచెయ్యమ్మా.”

“అదే చేస్తున్నా. మధ్యలో నలక పోయింది, ఎడంపక్కది...”

“అది కాదు. మొత్తం. ఆ మూల కూడా.”

“తొందరపడకండి డాక్టరు గారూ.”

“తొందరేంటి? ఇందాకటిదాకా మూల వదలడమేంటని గోల పెట్టావు!”

“అది వేరు.”

“ఏం వేరు?”

“వేరంటే వేరు. కూర్చుని ఓ నిమిషం ఆలోచించుకోండి. పద్నాలుగు మంది, ఆకుల రంగు చొక్కా, రెండుసార్లు కూత విన్న సెక్రటరీ...”

“ఎవరేమనుకున్నా సరే. ఇవాళ సాయంత్రమే ఆవిడకి చెప్తాను. నీకు చూపించిన పక్షి నా తువ్వాల్లో నూలుపోగు, చూశానన్నది అబద్ధం, ఊపిరి బిగబట్టలేదు, ఏమీ లేదు అని చెప్తాను. రేపు అందరి ముందూ చెప్తాను. కుర్చీ అటకెక్కితే ఎక్కుతుంది. తుడువు.”

“మళ్ళీ పెట్టమంటే పెట్టలేను.”

“పెట్టమనను.”

“నిజంగా?”

“తుడువమ్మా, నా మనసు మారకముందే!”

“సరే మీ ఇష్టం. ఇటు తిరగండి, ఊపిరి నిజంగానే బిగబట్టండి. ఇదిగో... అంతే.”

“అయిపోయిందా?”

“అయిపోయింది. చూడండి, పుల్ల చివర. అదే మీ వలస పక్షి.”

“ఇంతేనా! ఇంత చిన్నదా? దీనికా పద్నాలుగు మంది బయల్దేరింది?”

“ఊదితే పోతుంది. కాయితంలో పెట్టివ్వనా, జ్ఞాపకంగా?”

“వద్దు తల్లీ. పారెయ్. ప్రాణం తేలికపడింది. ఏడు వారాల తర్వాత ఇవాళ హాయిగా ఉంది నాకు. వెళ్ళొస్తాను.”

“కూర్చోండి.”

“క్లినిక్కు...”

“తాళం వేసే ఉందిగా, కూర్చోండి. మీరు హాయిగా వెళ్ళిపోతే ఎలా? నా ప్రాణమ్మీదికి వచ్చింది. ఇప్పుడు దీన్నేం చెయ్యను?”

“దేన్ని?”

“ఈ గుడ్డ కింద ఉన్నదాన్ని. సాయంత్రానికి ఇవ్వాలి. సున్నితమైన పని, రెండు రోజులు పట్టింది.”

“ఎవరిదో కెమెరా. దాంతో నాకేం సంబంధం? ఆగు... ఆ పట్టీ... ఇది మా బావమరిది పాత కెమెరాలా ఉందే.”

“ఆయనదే.”

“వాడు ఊళ్ళో లేడుగా, నీకెప్పుడు తెచ్చిచ్చాడు?”

“ఆయన ఇవ్వలేదు. గురువారం వాళ్ళ అక్కగారు తెచ్చిచ్చారు.”

“వాళ్ళ అక్క అంటే...”

“మీ ఇంట్లో ఉంటారే, ఆవిడే.”

“ఆవిడకి కెమెరా ఎందుకు? మీట ఎక్కడుందో కూడా తెలీదు.”

“మీట సంగతి నేర్పించాను. పావుగంటలో పట్టేశారు. మీకంటే నయం, లెన్సు ఒక్కటి చాలన్నారు.”

“శుభ్రం చెయ్యమందా?”

“శుభ్రమే ఉంది. దుమ్ము పెట్టమన్నారు.”

“ఏంటీ?”

“ఇదిగో, ఈ పొట్లంలో తెచ్చారు. ఆకుపచ్చ నూలు. మీ తువ్వాలు అంచుదే. వీటిల్లోంచి రెక్కల వంపున్నది ఒకటి ఏరి, లోపల పెట్టమన్నారు. ఏరడానికే ఒక పూట పట్టింది నాకు.”

“అంటే ఆవిడకి... అంటే తెలుసా? ఎప్పట్నుంచి?”

“ఫొటో హాల్లో తగిలించి, గుడ్డతో అద్దం తుడిచిన రోజునుంచి. ఆ మచ్చ ఎంత తుడిచినా పోకపోతే, మీ కంప్యూటరు తెరిచి మిగతా ఫొటోలు చూశారట. ఇరవై ఏళ్ళుగా ఇల్లు దులుపుతున్నాను, దుమ్ము మొహం నాకు తెలీదా అన్నారు.”

“మొదట్నుంచీనా! మరి ఫ్లాస్కు పట్టుకుని... నీ పక్షిని చూపించు అని...”

“ఆవిడకి చూడాల్సింది పక్షి కాదు లెండి.”

“పోయిన ఆదివారం అదిగో అంది?”

“మీరు మరీ దిగాలుగా కూర్చున్నారట. చూళ్ళేక అన్నారట. తర్వాత మీరు రెండుసార్లు కళ్ళు పరీక్ష చేస్తుంటే నవ్వాపుకోలేక చచ్చానన్నారు.”

“నీకు గురువారం నుంచీ తెలుసు.”

“తెలుసు.”

“తెలిసి, ఇంతసేపూ నాచేత అంతా చెప్పించావు!”

“ఆవిడ చెప్పిన కథా మీరు చెప్పే కథా సరిపోతాయో లేదో చూద్దామని. కూత సంగతి ఆవిడ చెప్పలేదు.”

“నువ్వూ, మీ నాన్నా! ... సరే, తెలిసినప్పుడు నా మొహమ్మీదే అనెయ్యచ్చుగా? పదకొండేళ్ళు అన్న మనిషేగా.”

“నేనూ అదే అడిగాను. నాకు తెలిసిందని ఆయనకి తెలిస్తే మొహం చెల్లక సముద్రానికి వెళ్ళడం మానేస్తారు, ఆయన మానేస్తే నా కుర్చీ అటకెక్కుతుంది అన్నారు. ఇదిగో, కళ్ళు తుడుచుకోండి. ఎవరైనా చూస్తే కళ్ళ డాక్టరుకే నలక పడిందనుకుంటారు.”

“రేపు ఏం చేద్దామని ఆవిడ?”

“ఒక్క కెమెరాలోనే పడితే పంతులుగారికి అనుమానం రావచ్చు, రెండు కెమెరాల్లో పడితే నోరెత్తరు అన్నారు. ఇప్పుడు చూడండి, మీరు మీదాన్ని తుడిపించేసుకున్నారు. రేపు మీరు లేచి నిలబడి అది దుమ్మండీ అంటారు. ఆ మాట అనేలోపు ఆవిడ ఫొటో తీసి, ఇదిగో పక్షి అని పంతులుగారి చేతికిస్తారు. ఏం చెయ్యను చెప్పండి? ఉంచనా, తీసెయ్యనా?”

“అది... సరిగ్గా నా పక్షి ఉన్న చోటే పెట్టావా?”

“పెట్టబోయాను. వద్దన్నారు. మర్చిపోతానేమోనని చీటీ కూడా రాసిచ్చారు. ఇదిగో.”

“నా కళ్ళజోడు తడిసింది. నువ్వే చదువు.”

“‘సరిగ్గా ఆయన పక్షి ఉన్నచోటే పెట్టొద్దమ్మా, పంతులుగారు పట్టేస్తారు. కాస్త ఎడమకి జరిపి పెట్టు, పక్క కుర్చీలోంచి చూస్తే అలాగే పడాలి. రేపు నేను ఆయనకి కుడిపక్కన కూర్చుంటాను.’”